దొంగ తప్పులు, ఒక అసలు తప్పు

ప్లోవ్‌దివ్ ఊళ్లో వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లలో స్విలెన్‌కు తెలియనిది లేదని అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు స్విలెనే.

ఆఫీసులో కుర్రాళ్లు తమ కోడ్ అతనికి చూపించాలంటే భయపడేవారు. అతను తిట్టడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చిన్నగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు విన్నవాడికి మధ్యాహ్నం అన్నం సయించదు.

అలాంటి స్విలెన్ ఒక ఫిబ్రవరి సాయంత్రం, కిటికీ అవతల వాన పడుతుంటే, ఊళ్లోని డెవలపర్ల ఫోరమ్ తెరిచాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ ప్రశ్నలు వేస్తారు. తెలిసినవాళ్లు తీరిక చేసుకుని జవాబులు రాస్తారు. స్విలెన్ అక్కడికి వెళ్లేది జవాబివ్వడానికి కాదు, నిట్టూర్చడానికి.

ఆ రోజు ఎవరో పాపం, తన పేజీలో ఒక బొమ్మ ఇంకో బొమ్మ మీదికెక్కి కూర్చుందని మొరపెట్టుకున్నారు. దాని కింద నెవెన అనే అమ్మాయి జవాబు రాసింది.

"కంగారు పడకండి. వెబ్ పేజీ అంటే మనం జున్ను పెట్టి కాల్చుకునే బనిత్స లాంటిదే. పొర మీద పొర. ఏ పొర పైన ఉండాలో వండేవాళ్లు చెప్పాలి, పొయ్యికి తెలియదు. మీరు చెప్పలేదు, అంతే. తప్పు మీ తెలివిది కాదు."

స్విలెన్ మళ్లీ మళ్లీ చదివాడు. ఎంత బాగా చెప్పింది! బనిత్స! ఇలాంటి పోలిక తట్టాలంటే మనసు ఎంత చల్లగా ఉండాలి! ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అతను నిట్టూర్చడం కూడా మరిచిపోయాడు.

ఆమెతో మాట కలపాలనిపించింది. ఎలా? పోటీగా జవాబు రాస్తే గొడవ. ఊరికే మెచ్చుకుంటే వెకిలి. ఆమె ఓపిగ్గా మాట్లాడేది రానివాళ్లతోనే. కాబట్టి రానివాడు కావడం ఒక్కటే దారి.

'కొత్తవాడు' అని పేరు పెట్టుకుని ఒక ప్రశ్న రాశాడు. బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు. ఏ బ్రౌజర్‌లో చూశాడో, ఏం జరగాలనుకున్నాడో, ఏం జరిగిందో, అంతకుముందు ఏమేం ప్రయత్నించాడో వరుసగా పెట్టాడు. కింద ఎర్రర్ మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా దించాడు. పద్ధతి అతని ఒంట్లోనే ఉంది మరి.

నెవెన జవాబు వెంటనే వచ్చింది. "మీ ప్రశ్న చాలా బాగుంది. ఇంత బాగున్న ప్రశ్న నేనిక్కడ ఎప్పుడూ చూడలేదు."

స్విలెన్ పొంగిపోయాడు. ఆ పొంగులో, బనిత్స పోలికకి 'ఎంత చల్లటి మనసు' అని మెచ్చుకుంటూ ఇంకో ప్రశ్న వేశాడు. తర్వాత ఇంకోటి. వారం తిరిగేసరికి నెవెన ఇలా రాసింది: "కొత్తవాడు గారూ, మీకు నేరుగా చెబితేనే ఎక్కేలా ఉంది. శనివారాలు కపాన పేటలో పఠన మందిరం మేడ మీద నేను ఊరికే పాఠాలు చెబుతాను. రండి."

శనివారం స్విలెన్ గడ్డం గీసుకుని వెళ్లాడు.

అతను గుమ్మంలోకి రాగానే బోర్డు మీద రాస్తున్న నెవెన చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. స్వెటర్ చేతులు వేళ్ల దాకా లాక్కున్న సన్నటి అమ్మాయి. కళ్లు పెద్దవి చేసి అతని మొహంలోకి చూసి, గబుక్కున బోర్డు వైపు తిరిగింది.

గడ్డం గీసుకోవడం మంచిదైందనుకున్నాడు స్విలెన్.

"కూర్చోండి. పేరు?"

"స్విలెన్."

"స్విలెన్ గారూ, ఇక్కడ ఎవరూ నవ్వరు. భయపడకండి" అంది ఆమె, పెదవి కొరుక్కుంటూ.

అతని పక్క కుర్చీలో కిచ్కా అత్త కూర్చునేది. పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసి రిటైరైంది. మనవరాలి కుట్టుపనికి ఒక వెబ్‌సైట్ చేసివ్వాలని ఆమె పట్టుదల.

"కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుంది" అని చెప్పింది నెవెన. "వరుసలో మొదటి వస్తువు నంబరు సున్నా. రెండోదానిది ఒకటి. స్విలెన్ గారూ, తెర మీది ఈ పండ్ల పేర్ల వరుసలోంచి మొదటి పండు తీయండి."

తప్పు చేయడం ఎంత కష్టమో స్విలెన్‌కు ఆ రోజు తెలిసింది. వేళ్లు వాటంతట అవే సున్నా మీదికి పోతున్నాయి. పళ్లు బిగించి ఒకటి నొక్కాడు. రెండో పండు వచ్చింది.

"అయ్యో!" అన్నాడు.

"అయ్యయ్యో!" అంది నెవెన. ఆమె గొంతు వణికింది. జాలి కాబోలు.

కిచ్కా అత్త అతని చెవిలో గుసగుసలాడింది. "సున్నా నాయనా, సున్నా! ఇప్పుడే కదా చెప్పింది."

"మీకెలా గుర్తుంది అత్తా?"

"నేను బోర్డు చూస్తున్నాను. నువ్వు బోర్డు ముందున్న పిల్లని చూస్తున్నావు."

అప్పట్నుంచి స్విలెన్‌కు శుక్రవారం సాయంత్రమంతా ఒకటే పని. మర్నాడు ఏయే తప్పులు చేయాలో ఇంట్లో కూర్చుని ఆలోచించుకునేవాడు. ఆఫీసులో పెద్ద పెద్ద ప్రాజెక్టులకు కూడా అంత కష్టపడలేదు. పాపం కుర్రాళ్లకు మాత్రం ఆ రోజుల్లో భోజనం బాగా సయించింది. వాళ్ల తప్పుల్లో వాడుకోదగ్గవి ఉన్నాయేమోనని అతను శ్రద్ధగా చూసి, "భలే తప్పు!" అని మెచ్చుకునేవాడు.

మార్చిలో ఒక శనివారం క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. స్విలెన్ దగ్గర గొడుగుంది. నెవెన దగ్గర లేదు. ఒక గొడుగులో ఇద్దరు పట్టాలంటే ఎవరో ఒకరు తడవాలి. స్విలెన్ ఎడమ భుజం సంతోషంగా తడిసింది.

"మీరేం పని చేస్తారు?" అని అడిగింది నెవెన.

దీనికి అతను జవాబు తయారుచేసుకోలేదు. "చెప్పుల దుకాణంలో."

"ఎక్కడుంది? నాకు చెప్పులు కావాలి."

"మూసేశారు."

"ఎప్పుడు?"

"ఈ మధ్యే. అంటే... నిన్న."

"పాపం! ఎంత కష్టం వచ్చింది!" అని ఆమె తల తిప్పేసుకుంది. భుజాలు అదిరాయి. చలేస్తోందేమోనని గొడుగు ఇంకాస్త అటు జరిపాడు.

"మీరెక్కడ నేర్చుకున్నారు టీచర్?" అన్నాడు మాట మార్చడానికి.

"మా ఊళ్లో. రొదోపి కొండల్లో. అక్కడ చెప్పేవాళ్లెవరున్నారు? ఎవరో ఒకాయన మన భాషలో పాఠాలు రాసి నెట్‌లో పెట్టాడు. అవే దిక్కు. ఎంత బాగా రాసేవాడో! సగంలో ఆపేశాడు. చివర 'తరువాయి త్వరలో' అని ఉంది. చాలాకాలం రోజూ వెళ్లి చూసేదాన్ని."

"రానేలేదా?"

"రాలేదు. పెద్దవాడైపోయి ఉంటాడు. చిన్నవాళ్లకి చెప్పే తీరిక ఉండి ఉండదు."

"ఎవడో బొత్తిగా బాధ్యత లేని మనిషి" అన్నాడు స్విలెన్ కోపంగా.

నెవెన ఆగి, అతని మొహంలోకి సూటిగా చూసింది. "నాకూ అలాగే అనిపించింది" అంది.

ఆ చూపుకి అతను ఇంటికెళ్లాక కూడా పొడి చొక్కా వేసుకోవడం మరిచిపోయాడు.

ఏప్రిల్‌లో పిడుగు పడింది. నెవెన క్లాసు చివర అందరి ముందూ చెప్పింది. "వచ్చే వారం ఊళ్లో డెవలపర్ల సభ ఉంది. నన్ను మాట్లాడమన్నారు. నేనెప్పుడూ స్టేజీ ఎక్కలేదు. 'నేర్చుకోలేనివాళ్లు లేరు' అని నా విషయం. స్విలెన్ గారూ, మిమ్మల్ని స్టేజీ మీదికి పిలుస్తాను. మీరే నా సాక్ష్యం."

ఆ సభలో సగం మంది స్విలెన్ కింద పనిచేసినవాళ్లు. మిగతా సగం అతని నిట్టూర్పు విన్నవాళ్లు. అతన్ని శిష్యుడని చూపిస్తే హాలంతా పగలబడి నవ్వుతుంది. నవ్వేది అతన్ని చూసి కాదు. స్టేజీ ఎప్పుడూ ఎక్కని ఆ అమ్మాయిని చూసి. ఇక ఆమె ఆ మేడ మీద పాఠం చెప్పదు. అతని మొహం అసలే చూడదు.

అందరూ వెళ్లాక కిచ్కా అత్త అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, ఇంకా ఎన్నాళ్లు?"

"ఏంటి అత్తా?"

"నలభై ఏళ్లు నోళ్లలోకి చూశాను. నొప్పి ఉన్నవాడెవడో, నటించేవాడెవడో నాకు తెలియదనుకున్నావా? నువ్వు కీబోర్డు వైపు చూడకుండా టపటపా కొడతావు. చివర్లో మాత్రం ఆగి, చూసి, వెతికి ఒక తప్పు పెడతావు."

స్విలెన్ తల దించుకున్నాడు. "ఎలా చెప్పను అత్తా?"

"రేపు పూల ఆదివారం. నెవెన అంటే ఒక రకం బంతిపువ్వు; పువ్వు పేరున్నవాళ్లందరికీ రేపు పేరు పండుగ. ఆ రోజు ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్లని పొమ్మనరు. అంతకంటే మంచి రోజు నీకు దొరకదు. ఇల్లెక్కడో నేను చెబుతాను, వెళ్లి నోరు తెరువు."

మర్నాడు చర్చి నుంచి వచ్చేవాళ్లతో, వాళ్ల చేతుల్లోని విల్లో చెట్టు కొమ్మలతో వీధంతా పచ్చగా ఉంది. పూలకొట్టు దగ్గర జనం తోసుకుంటున్నారు. స్విలెన్ ఏడు పువ్వులు తీసుకోవాలనుకున్నాడు. పెదవులు మాత్రం 'నెవెన గారూ, నేనొక మాట...' అని వల్లె వేస్తున్నాయి. బకెట్‌లోంచి ఒక్కో తులిప్ తీసి కట్టించుకున్నాడు. కొట్టావిడ కట్టకు దారం చుడుతూ అతన్ని జాలిగా చూసింది.

"ధైర్యంగా ఉండు నాయనా."

ప్రేమ ఇంతగా మొహాన కనిపిస్తోందా అని సిగ్గుపడ్డాడు స్విలెన్.

తలుపు తీసింది నెవెన తండ్రి స్టాంచో. కొండల్లోంచి పట్నానికొచ్చి ట్రాలీ బస్సు నడిపి నడిపి గొంతు పెద్దదైన మనిషి. నవ్వుతూ తీసినవాడు పువ్వుల్ని చూశాడు. నవ్వు పోయింది.

"ఎవరు పోయారు బాబూ?"

"ఎవరూ... పోలేదండీ. నేను నెవెన గారి కోసం..."

"మా అమ్మాయి కోసమా!" ఆయన గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

లోపల్నుంచి నెవెన పరుగెత్తుకొచ్చింది. వెనక కిచ్కా అత్త, చేతిలో చేపముక్కల పళ్లెంతో. నెవెన పువ్వుల్ని లెక్కపెట్టింది. ఎనిమిది. సరి సంఖ్య. సమాధుల మీద పెట్టే లెక్క; బతికున్నవాళ్లకి బేసి సంఖ్యలోనే ఇస్తారు.

"ఇవెలా లెక్కపెట్టావు?" అంది. మొదటిసారి 'మీరు' లేదు.

స్విలెన్ గుర్తు చేసుకున్నాడు. మొహం ఎర్రబడింది. "సున్నా, ఒకటి, రెండు... ఏడు దాకా."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గుమ్మంలోనే అంతా చెప్పేశాడు. చెప్పుల దుకాణం లేదు. బటన్ మొదట్నుంచీ పనిచేస్తూనే ఉంది. శుక్రవారం తప్పులు. "సభలో నన్ను పిలవద్దు. వాళ్లు నిన్ను చూసి నవ్వుతారు. నన్ను నువ్వు మళ్లీ చూడకపోయినా సరే."

నెవెన గుమ్మానికి ఆనుకుంది. "నాకు మొదటి ప్రశ్నప్పుడే అనుమానం. నిజంగా రానివాడు ఎర్రర్ మెసేజ్ మొత్తం పెడతాడా? 'పనిచేయట్లేదు, సాయం చేయండి' అని రాసి పోతాడు. నన్ను ఏడిపించడానికి వచ్చావనుకున్నాను. తర్వాత క్లాసుకొచ్చావు. నీ మొహం నాకు తెలుసు. ఆ పాఠాల పేజీలో పక్కన చిన్న ఫొటో ఉండేది."

"ఏ పాఠాలు?"

"తరువాయి త్వరలో."

స్విలెన్ గోడ పట్టుకున్నాడు. అవును. రాశాడు. ఎప్పుడో, ఇంకా నిట్టూర్చడం నేర్చుకోని రోజుల్లో.

"అయితే ఆ బనిత్స..."

"నీదే. నాలుగో పాఠం. మెచ్చుకుని మెచ్చుకుని చంపావుగా, 'ఎంత చల్లటి మనసు' అని!"

కిచ్కా అత్త పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది.

"మరి స్టేజీ మీదికి పిలుస్తానన్నావు?"

"నీతో నోరు తెరిపించడానికి. తెరవకపోతే ఎక్కించేసేదాన్నే." ఆమె గొంతు తగ్గింది. "మా కొండ మీద నాలాంటివాళ్లు ఇంకా ఆ చివరి పేజీ దగ్గరే ఆగి ఉన్నారు. వస్తావా సభకి? శిష్యుడిలా కాదు. మిగతా సగం రాస్తానని అందరి ముందూ చెప్పడానికి."

"వస్తాను. రాస్తాను. నువ్వు దిద్దుతావా?"

నెవెన కట్టలోంచి ఒక తులిప్ లాగి చెవి వెనక పెట్టుకుంది. మిగిలిన ఏడూ గుండెలకు హత్తుకుంది.

"ఇన్నాళ్లలో నువ్వు నిజంగా చేసిన తప్పు ఇదొక్కటే" అంది. "ఇదే బాగుంది."

స్టాంచో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ ఎవరమ్మా ఇతను?"

"నా స్టూడెంట్ నాన్నా."

"చదువు వస్తోందా?"

"లెక్కల్లో చాలా వెనకబడ్డాడు. ఎప్పుడూ పక్కనే ఉండి చెప్పాలి."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత తలుపు బార్లా తెరిచాడు.

"అయితే లోపలికి రమ్మను. చేప చల్లారిపోతోంది."