నాగేంద్రబాబు పెట్టిన రంగు

నాగేంద్రబాబు నన్ను నిలువునా ముంచాడు. చీరాల్లో అందరికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. నా రంగుల షెడ్డు పక్కనే వాడి కంప్యూటర్ల కొట్టు. "బాబాయ్, బాబాయ్" అంటూ తిరిగి పాత కంప్యూటరొకటి నాకు అంటగట్టాడు. ఈమెయిల్ తెరవడం నేర్పాడు. అక్కడితో ఆగాడా? ఆగలేదు.

నేను నూలుకు రంగు వేస్తాను. ఏడో తరగతిలో బడి మానేసి మా నాన్న వెనక బానల దగ్గర నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు నలభై రెండు. మోచేతుల దాకా రంగే, ఎంత తోమినా పోదు. పెళ్లిచూపులకు వెళ్తే, కాఫీ గ్లాసు అందుకోగానే ఇంటిల్లిపాదీ నా చేతుల వంకే చూసేవాళ్లు. ఒకచోట పిల్ల తమ్ముడు "అంటుకుంటుందా?" అని పైకే అడిగేశాడు. ఆ తర్వాత ఇక వెళ్లలేదు.

పోయినేడు అద్దంకి నుంచి బిందుమాధవి అనే ఆవిడ ఫోన్ చేసింది. చీరల కొట్టు ఆవిడది. నూలు పంపిస్తుంది, నేను రంగు వేసి తిప్పి పంపాలి. మొదటి ఆర్డరుకే గొడవ.

"చిలకాకుపచ్చ అంటే ఇది కాదండీ."

"మా చీరాల్లో చిలకలు ఇలాగే ఉంటాయండీ."

"అయితే పేర్లొద్దు. ఏ రంగు కావాలో ఆ రంగు అక్షరాలతోనే మెయిల్ రాస్తా. చూసి వెయ్యండి."

వాట్సాప్‌లో అక్షరాలకు రంగులు పెట్టడం కుదరదట. ఫోన్ ఎత్తుదామంటే నా చేతులు ఎప్పుడూ బానలోనే. సరే, మెయిలే అన్నాను. సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని కంప్యూటరు ముందు కూచుంటే "ఈ రంగు మూడు కిలోలు, ఈ రంగు అయిదు కిలోలు" అని రంగురంగుల అక్షరాలు. ఆరిన నూలు కట్ట, అదే చిలప, తెచ్చి తెర పక్కన పెట్టి పోల్చేవాణ్ణి.

మా నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు. ఆయన పద్ధతి వేరు. పొద్దున తొమ్మిదింటికి ఉత్తరం వైపు నీడలో, పాత నమూనా దారం పక్కన పెట్టి చూడాలి. దీపం కింద చూసింది రంగే కాదనేవాడు. కంప్యూటరు తెర కూడా దీపమేనని నా బుర్రకు తట్టలేదు.

పంపిన ప్రతిసారీ ఆవిడకు వంకే. పాడైన నూలు ఖరీదు నా కూలీలో కోసేది. "కాస్త పచ్చబడిందండీ." "కాస్త మట్టి కొట్టిందండీ." ఇంత చాదస్తం మనిషిని నేను చూడలేదు. అయినా ఆరయ్యేసరికి ఆ మెయిల్ తెరవకపోతే నాకు తోచేది కాదు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆషాఢంలో ఒకరోజు సన్నగా జల్లు పడుతోంది. షెడ్డు ముందు ఆటో ఆగింది. నూలు మూటల మధ్య నుంచి లేత వంగపండు రంగు చీర కట్టుకున్నావిడ దిగింది.

"చెంచయ్యగారంటే ఎవరండీ?"

"నేనే."

ఆవిడ చూపు నా చేతుల మీదికి వెళ్లింది. చటుక్కున వెనక్కి పెట్టుకున్నాను.

"బిందుమాధవిని. నేనడిగింది లేత వంగపండు. మీరు వేసిందేమిటో చూడండి." మూట విప్పింది. "ఇది వంగపండా? కారం పెట్టి వేయించిన వంకాయ!"

"మీరు రాసిన రంగే వేశాను."

"నేను రాసింది ఇది కాదు."

"నా కళ్లు పోయాయంటారా?"

"నావి పోయాయంటారా?"

లోపలికి తీసుకెళ్లి మెయిల్ చూపించాను. ఆవిడ తెర వంక చూసింది, చిలప వంక చూసింది. రెండూ ఒకటే రంగు. పైట కొసన కుచ్చులోంచి ఒక దారం పుటుక్కున తెంపింది.

"ఈ చీర ముందు పెట్టుకుని ఎంచిన రంగండీ అది. పెట్టి చూడండి."

తెర మీద ఆనించాను. దారం వంగపండు, అక్షరం మట్టి.

"ఏదైతేనేం, నాకు విసుగొచ్చింది. ఇదే ఆఖరు. ఇక నుంచి మంగళగిరిలో వేయించుకుంటా."

పీడ వదిలిందనుకోవాలి. అనుకోలేకపోయాను. ఆరింటికి ఇక ఏం చెయ్యాలి నేను?

"ఒరేయ్ నాగేంద్రా!" అని అరిచాను. వాడు సమోసా నములుతూ వచ్చాడు. సంగతి చెబితే నవ్వాడు.

"ఓస్, నైట్ లైట్ బాబాయ్! కంప్యూటరు కొన్న కొత్తలో కళ్లు మండుతున్నాయన్నావుగా? నేనే ఆన్ చేసి వదిలేశా. నీలం తగ్గించి తెరంతా పసుపు చేస్తుంది. కళ్లకు చలవ."

"ఏడాది నుంచీనా?"

"మరి నువ్వు తియ్యమనలేదుగా!"

చెప్పు కోసం వెతికేలోపు వాడు మౌస్ పట్టుకుని ఏదో నొక్కాడు. తెర తెల్లబడింది. వంగపండు అక్షరం దారం రంగులోకి వచ్చి కూచుంది. దాని కింద, ఇందాక ఏమీ లేని చోట, లేత పసుపు రంగులో ఇంకో వరస కనపడింది.

"ఇదేంటి బాబాయ్, ఎనిమిది నెల..." అని వాడు చదవబోయాడు.

బిందుమాధవి ఒక్క ఉదుటున వచ్చి పైట చెంగు తెర మీద కప్పేసింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"నువ్వు బయటికి నడు" అన్నాను నాగేంద్రబాబుతో. వాడు సమోసా వదిలేసి పోయాడు.

"మీరూ చదవకండి" అంది.

"నాకు రాసింది నేను చదవకూడదా?"

చెంగు కొంచెం జరిగింది. నాకు చదువు నిదానం. అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివితే గానీ తలకెక్కదు.

"ఎ... ని... మిది నె... లలుగా..."

"అయ్యో, పైకి చదవకండి!"

"పైకి చదవకపోతే నాకు అర్థం కాదండీ!"

ఎనిమిది నెలలుగా అడుగుతున్నాను. మీరు జవాబివ్వలేదు. ఇష్టం లేదని అర్థమైంది. ఇక ఈ రంగులో రాయను.

పాత మెయిళ్లు తెరిచాను. ప్రతిదాని అడుగునా లేత పసుపు. "వేళకు భోంచేస్తున్నారా?" "మీరు కోప్పడితే నాకు నవ్వొస్తుంది." మూడుచోట్ల ఒకటే ప్రశ్న: "ఇవాళ మీ చేతులకు ఏ రంగు?"

"పసుపుతో ఎందుకు రాశారండీ?"

"ధైర్యం చాలక." కిటికీలోంచి వానను చూస్తూ చెప్పింది. "ఇంకెవరికి కనపడకపోయినా రంగులు వేసే మనిషికి కనపడుతుందనుకున్నా. చూసి కూడా పలకలేదనుకుని, ఆ కోపమంతా నూలు మీద చూపించా."

"అంటే నా రంగులు బాగానే ఉన్నాయా?"

"లేవు. అదీ నిజమే."

వెనక దాచుకున్న చేతులు ముందుకు తెచ్చాను. "నీలం" అన్నాను. "ఇవాళ నీలం. మీరడిగారుగా."

ఆవిడ నవ్వింది. నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటుకుంటుందా?"

"పొద్దుటిది. ఇంకా తడే."

అప్పటికే ఆవిడ వేళ్లు నీలం. వదల్లేదు.

శ్రావణంలో పెళ్లి. పీటల మీద ఆవిడ వంగపండు చీర. నూలుకు రంగు నేనే వేశాను, ఉత్తరం నీడలో చూసి మరీ. నాగేంద్రబాబు భోజనాల బంతిలో ముందు వరసలో కూచుని రెండుసార్లు వడ్డించుకున్నాడు. పాడైన నూలు డబ్బు వాడి దగ్గర వసూలు చేస్తానని లేచాను.

"కూచోండి" అంది బిందుమాధవి. "ఆ అబ్బాయి మళ్లీ మౌస్ పట్టుకోకపోతే మీరు ఆ పసుపు ఈ జన్మలో చూసేవారా? ఒక్క రూపాయి అడగడానికి వీల్లేదు."

పీటల మీద ఏం వాదిస్తాం? అడగలేదు. పద్దెనిమిది కిలోల నూలు, రంగులు, కట్టెలు అన్నీ కలిపి నాకు పోయింది పదిహేడు వేల ఆరువందల నలభై రూపాయలు.