ఖాళీ సీసా

మా ల్యాబ్‌లో నాకు ఒళ్ళుమండేది ఒక్కదాని మీదే. ఖాళీ సీసా. పేరుకే ఖాళీ. అందులో శుద్ధమైన నీళ్ళు సగం దాకా పోసి, మూత బిగించి, టేపు చుట్టి, దాని మీద సంతకం పెట్టి, మురుగునీళ్ళ శాంపిళ్ళతో పాటు తిప్పుకొస్తాం. మూత మాత్రం దారిలో ఎక్కడా తీయకూడదు. పరీక్షలో ఆ సీసాలో ఏమీ కనిపించకపోతే మన పని శుభ్రంగా జరిగినట్టు. అందులోనే వైరస్ కనిపించిందా, ఆ రోజు తెచ్చినవన్నీ పారబోయాల్సిందే.

వరసగా రెండుసార్లు కనిపించింది.

"మళ్ళీ తీసుకురామ్మా అలేఖ్యా," అన్నారు మా ప్రొఫెసర్ జోగారావు గారు. ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నిసార్లయినా అంటారు. ఏలూరు నుంచి మంచులో స్కూటీ మీద వణుక్కుంటూ వెళ్ళేది నేను కదా!

పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్తే చేపల చెరువుల మధ్య చిన్న పేట ఉంది. దాన్ని ఆనుకునే మురుగు కాలువ. ఎగువనున్న మరుగుదొడ్ల నీళ్ళన్నీ ఏ శుద్ధీ లేకుండా అందులోకే వస్తాయి. పేటకి మంచినీళ్ళు తెచ్చే పైపు కూడా ఆ కాలువలోంచే వెళ్తుంది. అది ఎక్కడో పగిలిందని నా అనుమానం, ఎందుకంటే పేటలో పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి పచ్చకామెర్లు వస్తున్నాయి. కుళాయి ఆపి ట్యాంకర్లు పంపాలంటే, కాలువలోనూ కుళాయిలోనూ ఆ కామెర్ల వైరస్ ఉందని మా ల్యాబ్ కాగితం ఇవ్వాలి. కాగితం ఇవ్వాలంటే ఖాళీ సీసా శుభ్రంగా రావాలి. ఈలోగా పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారు. అక్కడి ఆశా కార్యకర్త సత్యవతి గారు రోజూ ఫోన్ చేసేవారు. "ఏవండీ, రిజల్టు వచ్చిందాండీ?" ఏం చెప్పను? ఫోన్ పెట్టేసి ఏడ్చిన రోజులున్నాయి.

మూడోసారి వెళ్ళిన పొద్దున మంచు దట్టంగా పట్టింది. జనం మరుగుదొడ్లు వాడే వేళకే మురుగు పట్టాలి కాబట్టి తెల్లవారగానే చేరుకున్నాను. పేటలో కుళాయి నీళ్ళు పట్టుకుని కాలువ గట్టెక్కాను. చెరువుల్లో గాలి కొట్టే మిషన్ల చప్పుడు దూరంగా వినిపిస్తోంది. మురుగు వాసన, దానితో కలిసి కుళ్ళిన గుర్రపుడెక్క వాసన. ముక్కుకి మాస్కున్నా గొంతులోకి దిగిపోతోంది.

గట్టు చివర ఒక్కటే రేకుల ఇల్లు. వెనకటి రెండుసార్లూ సీసాల పెట్టె ఆ అరుగు మీదే పెట్టి కాలువలోకి దిగాను. ఇంటావిడ నెమ్మదస్తురాలు. స్టీలు గ్లాసుతో ఎదురొచ్చి "మంచినీళ్ళు పుచ్చుకోండి" అనేది. ఆ నీళ్ళ సంగతి తెలిసి తెలిసి ఎలా తాగను? మొహం మీద వద్దనలేక "ఈసారి వచ్చినప్పుడు తాగుతాను లెండి" అని తప్పించుకునేదాన్ని. టేపు చుట్టిన సీసాని చూసి ఇదేమిటండీ అని అడిగితే, వివరించే ఓపిక లేక "ఖాళీ సీసా అండి" అనేశాను.

ఈసారి దాన్ని ఎక్కడా దించదలచుకోలేదు. బ్యాగులో వేసుకుని మెడకి తగిలించుకున్నాను. వంగి మురుగు పడుతుంటే మిషన్ల చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయి ఉంటుంది అనుకున్నాను.

"ఇవాళ సీసా ఇవ్వలేదేమండీ?"

చెవి పక్కనే. ఉలిక్కిపడి తిరిగాను. ఆవిడే.

"మీరాండీ... హడలిపోయాను."

"ఇలా ఇవ్వండి. పోసిస్తాను."

"ఏం పోస్తారు?"

"నీళ్ళండి. ఖాళీ అన్నారు కదా. మా ఇంటికొచ్చినదాన్ని ఖాళీగా తిప్పి పంపితే ఏం బాగుంటుందండీ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే, ఆ గిన్నెలో గుప్పెడు పంచదారైనా వేసి తిరిగిస్తాం. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేస్తాను. కానీ ఈవిడ మర్యాద వల్ల ఎంతమంది పిల్లలు...

"టేపు ఊడదీసి నీళ్ళు పోశారా? ఎంత పని చేశారండీ!"

"మూత నేను తీయలేదండి," అంది గుసగుసగా.

అప్పుడు గుర్తొచ్చింది. రెండుసార్లూ టేపు మీద నా సంతకం చెక్కుచెదరలేదు. నీళ్ళు మాత్రం... మెడ దాకా ఉన్నాయి. నేనే ఎక్కువ పోశాననుకున్నాను.

ఆవిడ కుచ్చెళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆగకుండా కారుతున్నాయి. బురదలో చూశాను. అడుగులు నావే ఉన్నాయి.

"తియ్యటి నీళ్ళండీ... మా పాప ఇవే అడిగేది. మీకు పిల్లలున్నారాండీ?"

"ఒక పాపండి... రెండో తరగతి..."

ఎందుకు చెప్పానో తెలియదు. సీసాలు పట్టుకుని గట్టెక్కుతూ, నోటికి అలవాటైన మాట అనేశాను.

"వస్తానండి. మీరూ ఎప్పుడైనా మా ఇంటికి రండి."

"తప్పకుండా వస్తానండి."

వెనక్కి చూడలేదు. స్కూటీ పెదపాడు చేరాకే ఊపిరి తిన్నగా ఆడింది.

ఈసారి ఖాళీ సీసా శుభ్రంగా వచ్చింది. కాలువలోనూ కుళాయిలోనూ ఒకే వైరస్. జోగారావు గారు మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. కుళాయి ఆపేశారు. ట్యాంకరు వచ్చిందని చెప్పడానికి ఒక సాయంత్రం సత్యవతి గారు ఫోన్ చేశారు. ఎన్నాళ్ళకో నాకు మనసు తేలికైంది.

"గట్టు చివరి ఇంటావిడకి కూడా చెప్పండి, పాత నీళ్ళు తాగొద్దని. మనిషి కాస్త తేడాగా ఉన్నారు," అన్నాను.

"గట్టు చివరా అండీ?"

"అవునండీ, ఆ రేకుల ఇల్లు."

"అది నాగవల్లి గారి ఇల్లండీ. పోయినేడు ముందు పాప, తర్వాత ఆవిడ... ఇద్దరూ కామెర్లతోనే పోయారండీ. అప్పట్నుంచీ తాళమే."

ఫోన్ చేతిలో అలాగే ఉంది. తప్పకుండా వస్తానండి...

అప్పుడే స్కూలు ఆటో దిగి మా తేజస్వి గెంతుకుంటూ లోపలికొచ్చింది. దాన్ని చూడగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పొద్దున హడావిడిలో దాని వాటర్ బాటిల్ నింపడం మరిచిపోయాను. కడిగి బోర్లించినదాన్ని ఖాళీగానే బ్యాగులో పెట్టి పంపేశాను.

"అమ్మా, ఇవాళ నీళ్ళు భలే తియ్యగా ఉన్నాయి! మొత్తం తాగేశా. రేపు కూడా అవే పొయ్యి."

బ్యాగులోంచి బాటిల్ తీశాను. బరువుగా ఉంది. మూత బిగించే ఉంది.

లోపల నీళ్ళు... మెడ దాకా.