బాబీకి విషం పెట్టిన చెయ్యి

గురువారం ఉదయం 7.10.

ఆమదాలవలస రైల్వే గేటుకి అవతల, కూర్మమ్మ ఇంటి ఆవరణలో, నీళ్ల తొట్టి చాటున బాబీ చచ్చి పడి ఉంది.

బాబీ కుక్క. నాలుగేళ్ల నాటు కుక్క. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి తెలుపు. నోటి దగ్గర నురగ. ఆ నురగలో నమిలీ నమలని ఎండు నెత్తళ్ల చేపలు.

7.25కి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. కుక్క చచ్చిందని కాదు. ఒక నర్సు కత్తిపీట పట్టుకుని ఎదురింటి ముసలమ్మని నరకబోతోందని.

7.40కి సబ్ ఇన్‌స్పెక్టర్ ఝాన్సీ జీపు దిగింది. వీధి వీధంతా గుమ్మాల్లోనే ఉంది. అడ్డుపడే నాథుడు మాత్రం ఒక్కడూ లేడు!

"కత్తిపీట ఇటియ్యి," అంది ఝాన్సీ.

"ఇవ్వను. ముందు దీని పీక కోసేస్తాను. తరవాత నన్ను జైల్లో ఎట్టుకోండి."

నర్సు పేరు ఈశ్వరి. ఇరవై తొమ్మిదేళ్లు. కళింగపట్నం పిల్ల. కూర్మమ్మ ఇంట్లో అద్దెకుంటోంది, బాబీ ఆమె కుక్కే. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి, ఇంటికొచ్చి గేటు తీసేసరికి ఇదీ పరిస్థితి. ఎదురుగా వణుకుతున్న ముసలమ్మ దేముడమ్మ. తన అరుగు మీదే ఎండు చేపలు పెట్టుకుని అమ్ముకుంటుంది.

"ఒలమ్మో, నానేటి సేసినాను తల్లీ! నెత్తళ్లు అమ్ముకున్నానని నానే సంపినట్టేటి?"

"పోయిన వారం వీధంతా ఇనేలాగ అరిసినావు కదే! నా సేపలు ఎత్తుకుపోతంది, మందెట్టి సంపేస్తానని!"

"కోపంలో నోరు జారినాను తల్లీ. నోటితో అన్నోల్లందరూ సేత్తో సేసేస్తారేటి?"

ఝాన్సీ ఈశ్వరి మణికట్టు పట్టుకుని ఒక్క మెలి తిప్పింది. కత్తిపీట కింద పడింది. కానిస్టేబుల్ త్రినాథ్ దాన్ని తీసి జీపులో పెట్టాడు.

"పన్నెండింటి దాకా టైమియ్యి ఈశ్వరీ. ఎవరు చేశారో నీ ముందు నిలబెడతాను."

"పన్నెండు దాటితే?"

"దాటదు."

"దాటితే నా సేతులు నావి కావు మేడమ్. తరవాత నన్నేటీ అనకండి." ఈశ్వరి బాబీ వైపు తిరిగింది. "శ్రీకాకుళంలో పదకొండు ఇల్లు తిరిగినాను. ఒంటరి ఆడదానివి, పైగా కుక్కా అన్నారు. తలుపు తీసి, బాబీని సూసి, మల్లీ ఏసేసినారు. ఇక్కడ చోటు దొరికిందని ఐదు నెల్లు సంబరపడ్డాను. ఎవుడో మనిషన్నోడు సేసిన పనేనా ఇది? ఆడి కడుపుకోత నాను కల్లారా సూడాల!"

ఝాన్సీకి కూడా ఒళ్లు మండింది. ఆమెకి రెండు పిల్లులు. వాటి మూలంగా ఈ ఊళ్లో ఇల్లు దొరక్క, పైకప్పు కారే పోలీసు క్వార్టర్స్‌లో పడి ఉంటోంది. ఇంటివాళ్లు మొహం తిప్పుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పని చేసినవాడు చేతికి చిక్కాలి, అప్పుడు చెప్తాను అనుకుంది.

8.05. పశువుల డాక్టరు మనిషి వచ్చి బాబీని తీసుకెళ్లాడు.

ఇంటి యజమానురాలు కూర్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అరవై ఆరేళ్లు. భర్త పోయి ఏడాది. ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే ఆవిడ కుక్క పడి ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కళ్లన్నీ గేటు దగ్గరే ఉన్నాయి.

"పొద్దున్న ఎన్నింటికి లేచావమ్మా?"

"మూడున్నరకి. మార్గశిర లక్ష్మివారం కదమ్మా. తలకి నీల్లోసుకుని, వాకిలి కడిగి, పిండి కలిపి, ముగ్గూ పాదాలూ ఎట్టీసరికి ఐదవడానికి పది నిముషాలుంది."

"అప్పటికి బాబీ బతికే ఉందా?"

"గేటు పక్కన గోనె మీద పడుకుని తోకాడించినాది."

"తర్వాత?"

"పూజలో కూకున్నాను. తలుపు దగ్గరగా ఏసేసుకుని."

"గేటు తాళం?"

"రాత్రి పదికి ఏస్తాను, పొద్దున్న ఆరుకి తీస్తాను. తాళం సెవి నా బొడ్లోనే ఉంతాది."

ఝాన్సీ ప్రహరీ చుట్టూ నడిచింది. ఆరడుగుల గోడ. పైన గాజుపెంకులు. వాటి మీద దుమ్ము కూడా చెదరలేదు.

ఆమె గేటు దగ్గరికి వచ్చి కిందకి చూసింది. గేటు నుంచి కూర్మమ్మ గడప దాకా లక్ష్మీపాదాలు బారుగా ఉన్నాయి. బియ్యప్పిండి ముద్దలో పిడికిలి ముంచి, గచ్చు మీద అద్ది, వేలికొసలతో అయిదేసి చుక్కలు పెట్టిన పాదాలు. ఆరిపోయి తెల్లగా మెరుస్తున్నాయి.

ఝాన్సీ వంగింది. జేబులోంచి చిన్న స్కేలు తీసింది. రెండు చోట్ల కొలిచింది. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసింది.

"ఏటి మేడమ్?" అన్నాడు త్రినాథ్.

"ఈ పాదాల మీద ఎవరూ కాలు పెట్టకుండా చూడు."

"ఈ రోజు ఎవులెడతారు మేడమ్? సాయంత్రం దాకా కడగరు కూడాను."

"అందుకే మనకి దొరికాయి."

మేడ మీద అద్దెకున్న వినోద్ అప్పటికే దిగి వచ్చి అందరికీ టీలు చెప్పాడు. రైసుమిల్లులో సూపర్‌వైజర్. ముప్పై ఆరేళ్లు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"నిద్ర ఎప్పుడు లేచారు?"

"ఆరున్నరకి మేడమ్. పాప అప్పుడే ట్యూషన్‌కి వెళ్తోంది. అటునుంచి అటే స్కూలు."

"ఎండు చేపలు తింటారా?"

"అయ్యో, మార్గశిరం నెలంతా మా ఇంట్లో నీసు ముట్టం."

"ఎవరి మీదైనా అనుమానమా?"

వినోద్ గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు గానీ, కూర్మమ్మగారికి కుక్కలంటే అసహ్యం మేడమ్."

"మరి ఈశ్వరికి ఇల్లెందుకిచ్చారు?"

అప్పటిదాకా నవ్వుతున్న ముఖం బిగుసుకుపోయింది. "అదే నాకూ అర్థం కాలేదు."

8.50. ఝాన్సీ మేడెక్కింది. వినోద్ భార్య రేఖ తలుపు తీసింది. ఆ గడపలో కూడా పిండి పాదాలున్నాయి. చిన్నవి, ముచ్చటైనవి.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నానేనండి. ఐదింటికి లేచి పెట్టుకున్నాను."

"అప్పుడు మీ ఆయన?"

"బాత్రూంలో ఉన్నారనుకున్నానండి. మంచం మీద లేరు."

ఆరున్నర దాకా నిద్రపోయిన మనిషి! గోడ మీద ఒక ఫోటో ఉంది. అయిదారేళ్ల ఆడపిల్ల ఒక నల్ల కుక్క మెడ చుట్టూ చేతులేసి నవ్వుతోంది.

"ఈ కుక్క?"

"టామీ అండి. మాదే. మూడేళ్ల కిందట పారిపోయింది. ఈ ఇంట్లో దిగిన రోజే. పాపకి నెల్రోజులు జొరం కాసింది. ఇప్పుడు బాబీ అంటే దానికి పిచ్చి. మధ్యాన్నం అన్నానికొచ్చి, దానికొక ముద్ద పెట్టిందాకా తను తినదు. ఈయాల దానికి ఏటని సెప్పాలో..." రేఖ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

11.30. పశువుల డాక్టరు ఫోన్ చేశాడు. "ఎండు చేపల్లో కలిపారు. ధాన్యం గోదాముల్లో వాడే విషం. అయిదుకీ ఆరుకీ మధ్య చచ్చింది. విషం తిన్నాక దాహంతో నీళ్ల కోసం తొట్టి దాకా వెళ్లుంటుంది."

11.40కి ఝాన్సీ అందర్నీ ఆవరణలోకి పిలిచింది. కూర్మమ్మ, ఈశ్వరి, దేముడమ్మ, రేఖ, వినోద్. పొద్దున్న కూర్మమ్మ తులసికోట దగ్గర వదిలేసిన పిండి గిన్నె తెప్పించి, కాసిన్ని నీళ్లు కలిపింది.

"పాదాల వరస పక్కనే, ఒక్కొక్కరూ ఒక్కో పాదం పెట్టండి."

"పోలీసోల్లకి ముగ్గులెందుకు?" అంది ఈశ్వరి కసిగా.

"పెట్టు. పన్నెండవలేదింకా."

కూర్మమ్మ ముందు వెళ్లింది. గేటుకి వీపు పెట్టి, ఇంటి వైపు తిరిగి కూర్చుంది. పిడికిలి అద్దింది. వేళ్లు ఇంటి వైపు. తర్వాత దేముడమ్మ. తర్వాత రేఖ. చివరికి ఈశ్వరి, ఏడుస్తూనే. నలుగురూ గేటుకి వీపు పెట్టే కూర్చున్నారు. నలుగురి పాదాలూ ఇంట్లోకే నడిచాయి.

"మీరూ రండి వినోద్ గారూ."

"మగాణ్ణి, నాకివన్నీ ఏం తెలుసు మేడమ్?"

"తెలియదనే అడుగుతున్నాను."

వినోద్ చుట్టూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. నిలబడ్డ చోటే, ఇంటి వైపునుంచే గొంతుక్కూర్చుని పిడికిలి అద్దాడు. తనకి ఎదురుగా అయిదు చుక్కలు పెట్టాడు.

పాదం గేటు వైపు తిరిగి ఉంది. ఇంట్లోంచి వీధిలోకి వెళ్లిపోతున్నట్టు.

కూర్మమ్మ "అమ్మో!" అని గుండె పట్టుకుంది.

"పొద్దుణ్నించీ నువ్వు చూస్తున్నది ఇదే కదమ్మా?" అంది ఝాన్సీ.

"అవునమ్మా! ఆరింటికి గేటు తీసినప్పుడు సూసినాను. గేటు నుంచి నాలుగో జత. మాలక్ష్మి ఎనక్కి తిరిగిపోనాదనుకున్నాను. తరవాత బాబీ సంగతి తెలిసినాక, నా ఇంట నోరులేని జీవం సచ్చిపోయింది, అందుకే తల్లికి కోపమొచ్చిందనుకున్నాను. సెప్పడానికి నోరు రాలేదు."

ఝాన్సీ స్కేలు పెట్టింది. "వరసలో ప్రతి పాదం మూడున్నర అంగుళాలు. నాలుగో జత ఒక్కటే నాలుగున్నర. వెళ్లే దిక్కు కూడా వేరు. వినోద్ గారు ఇప్పుడు పెట్టింది కూడా నాలుగున్నరే. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఏ ఆడదీ లక్ష్మీపాదం బయటికి పెట్టదు. అయిదేళ్ల పిల్లకి కూడా తెలుసది. పెట్టింది జన్మలో ఎప్పుడూ పెట్టని చెయ్యి. గేటు తాళం పడి ఉండగా ఈ ఆవరణలో ఉన్న మగాడు ఒక్కడే."

వినోద్ పెదాలు తడుపుకున్నాడు. "పాదం పెడితే హత్య చేసినట్టేనా?"

"ఎందుకు పెట్టావో చెప్పనా? 4.50 తర్వాత దిగావు. గేటు పక్కన పడుకున్న బాబీకి నెత్తళ్లు పెట్టావు. చీకట్లో పచ్చి పిండి మీద కాలేశావు. సెల్‌ఫోన్ లైటులో చూస్తే పాదం మీద చెప్పు అచ్చు. తుడిచేసి ఊరుకుంటే వరసలో ఖాళీ తెలిసిపోతుంది. గిన్నెలో పిండి ఉంది. నువ్వే పెట్టేశావు. నీ వైపునుంచి ఎలా కనిపిస్తే అలా పెట్టావు. గోదాము మందు నీ మిల్లులో ఉంది. ఇక నెత్తళ్లు—"

"ఓరి బాబో!" దేముడమ్మ అరిచింది. "బుధవారం సాయంత్రం నా దగ్గరే పావుకేజీ కొన్నావు కదరా! మిల్లులో కూలోల్లకన్నావు! నీ మూలంగా నా పీక తెగేదిరా!"

ఈశ్వరి ఒక్క దూకు దూకింది. త్రినాథ్ అడ్డం పడకపోతే వినోద్ కళ్లు పోయేవి.

"ఎందుకురా? అది నీకేటి సేసినాది? మీ గుంట సేతిలో అన్నం తిన్నాది కదరా!"

అప్పుడు పగిలింది వినోద్ గొంతు. మెత్తటి మాట ఎటు పోయిందో!

"నాకూ ఓ కుక్క ఉండేది! కుక్కున్నోళ్లకి ఇల్లివ్వం అన్నారు ఇదే గుమ్మంలో. అప్పటికే సామాను లారీలో ఉంది. ఏం చెయ్యను? టామీని కళింగపట్నం బీచిలో వదిలేసి వచ్చేశాను. బండి ఎనక పరిగెత్తింది. మూడేళ్లు! మూడేళ్లు దాని మొహం కళ్లల్లో పెట్టుకుని ఈ ఇంట్లో ఉన్నాను. మొన్న ఆషాఢంలో ఈవిడ కుక్కతో వచ్చింది. రామ్మా రామ్మా అని తాళం చేతిలో పెట్టారు! నా కుక్కకి లేని చోటు దీనికెలా వచ్చింది? రోజూ అది తోకాడిస్తుంటే నా కడుపు రగిలిపోయేది!"

మేడ మెట్ల మీద నిలబడ్డ రేఖ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పారిపోనాదన్నావు," అంది. పైకి వెళ్లి తలుపు వేసేసుకుంది.

కూర్మమ్మ కర్ర పట్టుకుని లేచింది. "వద్దన్నది మా ముసలాయన. కుక్క కరిసి అతని తమ్ముడు సచ్చిపోనాడు, అందుకు. ఆయన పోయినాక ఒక్క నాడైనా నన్నడిగినావా బాబూ? ఇంకో కుక్కని తెచ్చుకుంతానంతే నానొద్దంతానా? ఒంటరిదాన్ని, బయమేస్తంది, కుక్కుంతే బాగున్నని నీ మెట్ల కిందే కూకుని ఎన్నిసార్లన్నాను!"



"కేసు కడుతున్నాను," అంది ఝాన్సీ. "జంతువుని చంపితే అయిదేళ్ల దాకా జైలు. త్రినాథ్, జీపెక్కించు."

"ఆగండి."

ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఉన్న కేకలు పోయాయి. గొంతు చల్లగా ఉంది.

"టైమెంత మేడమ్?"

"పన్నెండూ ఇరవై."

"పన్నెండున్నరకి ఈడి కూతురు అన్నానికొస్తాది. అందాక ఉంచండి. బాబీని ఎవులు సంపినారో, టామీని ఎవులొదిలేసినారో ఈడి నోటితోనే సెప్పాల. నాను సెప్పను. నాకింకేటీ వద్దు."

వినోద్ ఝాన్సీ కాళ్ల మీద పడ్డాడు. "మేడమ్, ఇప్పుడే తీసుకుపోండి. జైల్లో పెట్టండి, కొట్టండి. పాప ముందర వద్దు. దండం పెడతాను."

ఝాన్సీ కిందికి చూసింది. తీసుకుపోవచ్చు. తీసుకుపోవాలి కూడా. కానీ నీళ్ల కోసం తొట్టి దాకా కాళ్లీడ్చుకుంటూ వెళ్లిన ఆ నోరులేని జీవం ఆమె కళ్ల ముందునుంచి కదల్లేదు.

"త్రినాథ్, పన్నెండున్నర దాకా జీపెక్కించకు," అంది.

12.32. గేటు కిర్రుమంది. తొమ్మిదేళ్ల పాప భుజాన బ్యాగుతో పాదాలు తొక్కకుండా పక్కనుంచి గెంతుకుంటూ వచ్చింది.

"బాబీ! బాబీ! దా!"

పాప ఖాళీ గోనె చూసింది. పోలీసుల్ని చూసింది. ఈశ్వరి ముఖం చూసింది.

"ఆంటీ, బాబీ ఏదీ?"

"మీ నాన్ననడుగమ్మా," అంది ఈశ్వరి.

పాప తండ్రి దగ్గరికి వెళ్లి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, బాబీ కూడా పారిపోనాదా?"

ఈశ్వరి వినోద్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"సెప్పు," అంది.