ఫైర్ స్టేషన్లో ఒక మనిషి తక్కువ

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పడమటి కొసన గోధుమ కోతల కాలం. డార్లా వంటింట్లో గుడ్లు వేయిస్తూనే ఆఫీసు చెప్పుల కోసం వెతుక్కుంటోంది. ఆమె భర్త వెర్న్ కాఫీ కప్పుతో కిటికీకీ తలుపుకీ మధ్య కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బయట పొడి గాలి వీస్తోంది. అలాంటి గాలి రోజున ఆ ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు.

"ఫైర్ స్టేషన్లో పేరిచ్చేశా అమ్మా. సాయంత్రం ప్రాక్టీసుకి రమ్మన్నారు," అంది కూతురు కోరా, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

పెనంలో గుడ్లు మాడిపోయాయి.

ఆ ఊరి ఫైర్ స్టేషన్లో జీతగాళ్లెవరూ లేరు. సైరన్ మోగితే రైతూ, మెకానిక్కూ, బడిపంతులూ ఎక్కడి పని అక్కడ వదిలేసి పరిగెత్తాల్సిందే. వెర్న్ కూడా అలాగే పరిగెత్తేవాడు. రెండేళ్ల కిందట గోధుమల గోదాము తగలబడినప్పుడు అతని ఎడమ చెయ్యి మోచేతిదాకా కాలింది. ఇక ఆ గడప తొక్కనని ఆస్పత్రి మంచం మీదే డార్లా మాట తీసుకుంది. పెళ్లాం మాట నిలబెట్టుకునే మొగుళ్లు ఎక్కడైనా తక్కువే. వెర్న్ నిలబెట్టుకున్నాడు.

తర్వాత ముసలివాళ్లు ఇద్దరు మానుకున్నారు. ఈ వసంతంలో స్టేషన్‌కి కావలసినవాళ్లలో ఒక మనిషి తక్కువయ్యాడు. దాంతో బీమా కంపెనీలు ఆ స్టేషన్‌ని లెక్కలోంచి తీసేశాయి. ఇక దగ్గరి ఫైర్ స్టేషన్ అంటే జిల్లా కేంద్రంలోదే. అది రైలు పట్టాల అవతల ఉంది, గూడ్సు బండి అడ్డంగా ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. ఊరందరి బీమా పెరిగింది. ఇంటివాళ్లు సరే, ఉన్న నాలుగు సామాన్లకి బీమా కట్టుకునే అద్దెవాళ్లకీ పెరిగింది. ఆ కబురు ఫోన్లో చెప్పే ఉద్యోగం డార్లాది.

ఆ వారమంతా ఆమె అదే చెబుతోంది. ఉన్న చోటును బట్టే రేటని, దొంగతనాలూ వడగళ్లూ చూస్తారని, ఫైరింజను ఎంతసేపటికి వస్తుందో అదీ చూస్తారని. కొందరు తిట్టారు. బీమా లేకపోతే ఇంటాయన ఖాళీ చేయిస్తాడని ఒకామె ఏడ్చింది. అందరికీ డార్లా ఒకటే జవాబిచ్చింది, కంపెనీ నిర్ణయమని.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినా ఆమె కోపం తగ్గలేదు. వయసు పంతొమ్మిది దాటలేదు, నిప్పుతో చెలగాటమేంటని కూతుర్ని నిలదీసింది.

"మీ నాన్న చెయ్యి రోజూ చూస్తూనే ఉన్నావుగా. అది చాలలేదా నీకు?"

"రోజూ ఇంటింటికీ ఫోన్ చేసి రేటు పెరిగిందని చెప్తున్నావు. ఎందుకు పెరిగిందో ఒక్కరికైనా చెప్పావా అమ్మా?"

పుండు మీద కారం చల్లినట్టయింది డార్లాకి. దీనికి నువ్వే నూరిపోశావంటూ వెర్న్ మీద విరుచుకుపడింది. అతను చెంచా కింద పెట్టాడు.

"నేనేం నూరిపోయలేదు. సైరన్ మోగినప్పుడల్లా నాకు కాలు నిలవదు డార్లా. నువ్వు చూస్తే బాధపడతావని గరాజ్‌లోకి పోయి నిలబడతా, అది ఆగేదాకా."

రెండేళ్లుగా అతను అక్కడ పాత కారు బాగుచేసుకుంటున్నాడనే అనుకుంది ఆమె. తినకుండానే ఆఫీసుకి వెళ్లిపోయింది.

ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితాలో ఇంక ఒపల్ గారే మిగిలారు. చర్చి వెనక చిన్న అద్దె ఇంట్లో ఒక్కర్తే ఉండే పెద్దావిడ, నాలుగు కాళ్ల ఊతకర్ర లేనిదే అడుగు వేయలేదు. ఉన్న చోటును బట్టే రేటు పెరిగిందని విని ఆవిడ అడిగింది.

"ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా కదమ్మాయ్. నేనెక్కడికీ కదల్లేదే. మరి నా చోటెలా మారింది?"

ఈసారి డార్లా కంపెనీ నిర్ణయమని చెప్పలేదు.

"నా వల్లే ఒపల్ గారూ. వెర్న్‌ని నేనే ఆపేశాను. వాళ్లకి ఒక మనిషి తక్కువైంది," అంది డార్లా. "మా కోరా పేరిచ్చింది. ఇవాళ్టి నుంచి వెళ్తుంది."

పెద్దావిడ తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు.

"అయితే ఆ పిల్లకో మాట చెప్పు. మా వెనక తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది, మా ఇల్లు అంటుకుంటే దాంతో కుస్తీ పడొద్దని చెప్పు. పడకగది కిటికీ పగలగొడితే నేను చేతికందే దూరంలోనే ఉంటా. నేను బరువేం లేన్లే, మోయగలదు."

ఫోన్ పెట్టేసి డార్లా టేబుల్ మీద తల ఆనించి ఏడ్చింది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. అయితే రెండేళ్లుగా ఆ భయాన్ని తన గడప దాటించి ఇంకొకరి కిటికీ దగ్గర పెట్టి వచ్చానని ఇప్పుడే తెలిసింది, సిగ్గేసింది.

కళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేసింది.

"కోరా, ప్రాక్టీసుకి ముందు ఒపల్ గారింటికి వెళ్దాం, నేనూ వస్తా. ఆవిడ పడకగది కిటికీ ఎటుందో నువ్వు చూసుకోవాలి. నాన్నని కూడా బయల్దేరమను. పొగలో మనిషిని ఎలా ఎత్తుకోవాలో నీకు ఆయనే నేర్పాలి."