కరక్కాయ నలుపు

రాంబాబు శవం ముఖం నుంచి మోచేతుల దాకా నీలంగా ఉంది.

1979 మార్చి. కొత్తపేట దిగువన కాలువలో తూటికాడలకు చిక్కుకున్న ఆ శవాన్ని చూసి అక్కడి డాక్టరు విషప్రయోగమని రాశాడు. విశాఖపట్నం లేబొరేటరీ కాదంది. అది నీలిమందు. బట్టలకు వేసే రంగు. ఊపిరితిత్తుల నిండా అదే.

"రంగులో ముంచి చంపారు," అన్నాడు సీక్రెట్ సర్వీసు చీఫ్ కృష్ణమూర్తి, ఫైలు మూస్తూ. "కోనసీమ మొత్తం మీద నీలిమందు బానలున్నది ఒక్క చోటే. గోదావరి వర్ణశాల. కొత్తపేటకి నాలుగు మైళ్ళు, వసిష్ఠ గట్టున. ఆకులు, బెరళ్ళు, వేళ్ళతో రంగులు తీస్తారు. కొబ్బరిచిప్ప గరిటెలు, తాటాకు బుట్టలు కూడా చేయిస్తారు. నడిపేది నాగమణి. విదేశీ సలహాదారు డాక్టర్ ఓర్లిక్. ప్రకృతి రంగుల మీద రీసెర్చ్ పేరుతో ఢిల్లీ నుంచి పర్మిట్ తెచ్చుకున్నాడు."

ఎదురుగా కూర్చున్న శరభయ్య, ఏజెంట్ ఎస్-11, ఫైలు వైపు చూడలేకపోతున్నాడు. రాంబాబుకి ఈ ఉద్యోగం నేర్పింది తనే. కోనసీమ పంపమని సిఫారసు చేసిందీ తనే.

"నాగమణి మన ఇన్‌ఫార్మర్ కదా సార్?"

"ఔను. రాంబాబు పోయినప్పటి నుంచి ఆవిడ దగ్గర్నుంచి రిపోర్టు లేదు. భయపడిందో, మారిపోయిందో తెలీదు." కృష్ణమూర్తి గొంతు తగ్గించాడు. "అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రం అడుగున నేవీవాళ్ళు వినికిడి యంత్రాలు దించారు. సబ్‌మెరైన్ వస్తే పసిగట్టేవి. వాటి మ్యాప్ పదిహేను రోజుల క్రితం మాయమైంది. రాంబాబు దాని వెనకే వెళ్ళాడు. అతని చొక్కా కాలర్లో, మైనంగుడ్డలో చుట్టి దొరికింది ఇది."

జేబురుమాలంత గుడ్డ. లేత పసుపు. దాని మీద ఏమీ లేదు.

"అల్ట్రావయొలెట్ కింద పెట్టాం. అయోడిన్ పూశాం. వేడి చేశాం. ఉత్త గుడ్డ."

"ఉత్త గుడ్డని ఎవరైనా కాలర్లో కుట్టుకుంటారా సార్?"

"అది తేల్చడానికే నువ్వు వెళ్తున్నావు. శుక్రవారం నాలుగింటి లాంచీలో ఇలాంటివే నలభై గుడ్డలు నరసాపురం వెళ్తున్నాయి. అక్కడి నుంచి ఓడెక్కుతాయి. లాంచీ ఇంజను దగ్గర మన ఏసుదాసు ఉంటాడు. కాని ఉత్త గుడ్డలు చూపించి దొరని అరెస్టు చెయ్యలేం. సాక్ష్యం కంటబడితే 'గుమ్మడికాయలు దించండి' అని అరువు. ఆ మాట వినబడితే తప్ప ఏసుదాసు చెయ్యి కదపడు."

మూడు రోజులు శరభయ్య రంగుల పుస్తకాలు బట్టీ పట్టాడు. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి కొత్తపేటలో బస్సు దిగి, రిక్షాలో వర్ణశాల చేరాడు. నెరిసిన మీసం, పాత కోటు, చేతిలో నోట్‌బుక్. ప్రకృతి రంగుల మీద పుస్తకం రాస్తున్న రిటైర్డ్ సైన్సు మేష్టారు గౌరీశంకరం గారు.

వాకిట్లో బానల వరస. పొయ్యిల మీద మరుగుతున్న డేగిసాలు. కొబ్బరిచెట్ల మధ్య తాళ్ళ మీద ఎర్రటి, పసుపు రంగు బట్టలు ఆరుతున్నాయి. అరవై ఏళ్ళ మనిషొకావిడ చీర బిగించి కట్టి, బానలో కర్రతో కలుపుతోంది.

"ఇది చిరివేరండీ?" అన్నాడు శరభయ్య.

"ఆయ్. ఎర్రరంగు దీంట్లోంచే వస్తాదండి. గుడ్డకి ముందు కరక్కాయ పట్టించాలి. ఆ మీద పటికనీళ్ళు. అప్పుడు దీంట్లో ఉడకేస్తే, పటిక తగిలిన మేరే ఎరుపెక్కుద్ది," అందావిడ. పేరు వీరాయమ్మ. ఇక్కడి బానలన్నీ ఆమె చేతి కిందే ఉన్నాయి.

"వీరాయమ్మా, మేష్టారిని నేను చూసుకుంటాలే."

శరభయ్య వెనక్కి తిరిగాడు. నీలం అంచు తెల్లచీర, నల్లకళ్ళద్దాలు, పొడవాటి జడ. నాగమణి నవ్వితే ఎదుటివాడు చెప్పదలచింది మరిచిపోతాడని ఫైల్లో రాసి ఉంది. ఫైలు అబద్ధం చెప్పలేదు.

"వానాకాలం రంగు నిలుస్తుందాండీ?" అందామె. కోడ్‌వర్డు.

"ఎండ తగలకపోతే నిలుస్తుంది," అన్నాడతను. జవాబు.

"లోపలికి రండి. చెప్పాల్సింది చాలా ఉంది."

పాతకాలం ధాన్యం గోడౌను అది. మూరెడు మందం గోడలు, ఎత్తున ఇనపచువ్వల వెంటిలేటరు, లోపల బస్తాలు, బానలు. శరభయ్య గడప దాటాడు. వెనక నుంచి పిస్తోలు చల్లగా మెడకు తగిలింది.

"వాచీ, పెన్ను, బెల్టు ఇచ్చెయ్యండి. వాచీలో ట్రాన్స్‌మిటరు, పెన్నులో గ్యాసు, బెల్టులో బ్లేడు. రాంబాబు దగ్గరా ఇవే ఉన్నాయి. మీవాళ్ళకి కొత్త ఆలోచనలు రావడం లేదు పాపం."

"రాంబాబుని నువ్వే..."

"నేను తలుపు తీశానంతే. ముంచింది ఓర్లిక్." ఆమె అతని మీసం పట్టుకుని చటుక్కున పీకేసింది. "వాకిట్లో ఇరవైమంది పనివాళ్ళున్నారు కాబట్టి ఇప్పుడు చప్పుడు చెయ్యను. ఐదింటికి ఇళ్ళకి పోతారు. అప్పటికి లాంచీ కూడా వెళ్ళిపోతుంది. అప్పుడొస్తాను."

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. తొమ్మిదిన్నర.

మొదటి గంట శరభయ్య తలుపుతో పోరాడాడు. టేకు తలుపు. భుజం వాచింది తప్ప అది కదల్లేదు. రెండో గంట గొంతు పోయేలా అరిచాడు. వాకిట్లో పాటలు పాడుకుంటూ బట్టలు బాదుతున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు. బస్తా ఎక్కి వెంటిలేటరు అందుకున్నాడు. చువ్వలు రాయిలా ఉన్నాయి. అక్కడి నుంచి వాకిలంతా కనిపిస్తోంది. అవతల గోదావరి, కట్టేసి ఉన్న లాంచీ. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి, ఒక్కటీ చేతికందదు.

పదకొండయ్యేసరికి పైన రేకు కాలి, గది పొయ్యిలా అయింది. గదంతా పులిసిన బెల్లం వాసన. దాహం. బానల్లో నీళ్ళున్నాయి, తాగడానికి పనికొచ్చే చుక్క లేదు. రాంబాబుని కూడా ఇదే గదిలో పెట్టి ఉంటారు. వాడూ ఇలాగే అరిచి ఉంటాడు. ఆఖర్న తలుపు తెరుచుకున్నప్పుడు ఎవరో విన్నారని సంబరపడి ఉంటాడు. ఆ ఊహ వచ్చాక శరభయ్య అరవడం మానేసి గోడకి చేరబడ్డాడు.

అప్పుడు వీరాయమ్మ మాట గుర్తొచ్చింది. పటిక తగిలిన మేరే ఎరుపెక్కుద్ది.

రాంబాబు గుడ్డకున్న లేత పసుపు కరక్కాయదే. పటికనీళ్ళకి రంగు లేదు. ఆరిన తరవాత గుడ్డ మీద గీత కనబడదు.

శరభయ్య చటుక్కున లేచి చొక్కా కాలరు కుట్టు పళ్ళతో తెంపాడు. రాంబాబు గుడ్డని తనూ అక్కడే కుట్టుకొచ్చాడు. మూలనున్న చిరివేరు బానలో వేలు పెట్టి చూశాడు. పొద్దున మరిగించి దించిన కషాయం, ఇంకా చురుక్కుమంటోంది. గుడ్డని అందులో ముంచి, అరగంట కదిలిస్తూ కూర్చున్నాడు.

ముందు చిన్న మరకలా వచ్చింది. తరవాత సన్నటి గీత. నెమ్మదిగా గోదావరి పాయ, సముద్రపు ఒడ్డు, అంతర్వేది మొన తేలాయి. ఒడ్డుకి అవతల మూడు చుక్కలు, వాటి పక్కన అంకెలు. అన్నీ ఎర్రగా.

ఒక్కో గుడ్డ మీద మ్యాపులో ఒక్కో ముక్క. నలభై గుడ్డల్నీ ఏ దేశంలోనో చిరివేరుతో ఉడికిస్తే, తూర్పు తీరం రహస్యమంతా ఎర్రగా బయటపడుతుంది. రాంబాబు ఇది కనిపెట్టాడు. చెప్పే వ్యవధి దొరకలేదు.

ఇప్పుడు తనకి తెలుసు. తనకీ చెప్పే దారి లేదు.

ఒంటిగంటకి గోడ అడుగునుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. శరభయ్య నేల మీద పడుకుని చూశాడు. మూలలో పిడికిలి పట్టేంత తూము. గోడౌను కడిగిన నీళ్ళు బయటి సిమెంటు తొట్టిలోకి పోయే దారి. అవతలి చివర బిరడా బిగించి ఉంది. ఆ పక్క ఎవరో తొట్టి నింపుతున్నారు.

"వీరాయమ్మ గారూ!"

చప్పుడు ఆగింది. "మీతో మాటాడొద్దన్నారండి అమ్మగారు. మా రంగుల గుట్టు ఎత్తుకుపోడానికి వచ్చేరంట కదా. పోలీసులొచ్చేదాకా గదిలో పెట్టేమని చెప్పేరు."

"రాంబాబు మీకు తెలుసా అండీ?"

"ఎందుకు తెలీదండీ. పిన్నీ పిన్నీ అంటా మా ఇంట్లోనే అన్నం తినేవోడు. చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయేడు."

"వెళ్ళలేదండీ. నీలిబానలో ముంచి చంపేశారు. శవాన్ని కళ్ళారా చూశాను. వాడు నా మనిషి."

అవతల బిందె నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏ రోజండీ?" అంది.

"పోయిన గురువారం."

"శుక్రవారం పొద్దున్న వచ్చి చూస్తే నా పెద్దబాన చచ్చిపోయుందండి." ఆమె గొంతు మారిపోయింది. "నీలిబానకి పేణం ఉంటాదండి. చంటిపిల్లని సూసుకున్నట్టు సూసుకోవాలి. మా అత్తగారి కాలం నించీ నిలబెట్టుకొచ్చేను. ఒక్క రేతిరికి నురగ విరిగిపోయి కంపు కొట్టేసింది. నీ చెయ్యే మంచిది కాదని అమ్మగారు నలుగురిలో తిట్టేరు. నిజమే గావాలనుకుని మూడ్రోజులు అన్నం ముట్టలేదండి నేను. ఆ బాబు అందులో కొట్టుకున్నాడన్నమాట," అంది.

శరభయ్య తూముకి మరింత దగ్గరగా జరిగాడు.

"ఏం చెయ్యమంటారో చెప్పండి," అంది వీరాయమ్మ.

"ఆ నలభై గుడ్డలూ ఈ తొట్టిలోనే జాడిస్తారా?"

"ఆయ్. ఎక్కువైన పటిక పోవాలి కదండీ. లేపోతే రంగులో ఏసినప్పుడు గీత అలికేద్ది. రెండింటికి ఏస్తాం. దొరగారు పక్కనే నిలబడి సూస్తారు."

"అన్నీ మునిగాక ఈ బిరడా లాగెయ్యండి. అంతే."

"గోడౌన్లో నల్లనీళ్ళ బాన ఉంది కదా," అంది వీరాయమ్మ. ఆమెకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. "ఆయ్," అని వెళ్ళిపోయింది.

తుప్పు ఇనుమూ బెల్లమూ నెల రోజులు నానబెట్టిన నీళ్ళు అవి. పులిసిన బెల్లం వాసన దానిదే. కరక్కాయ పట్టించిన గుడ్డకి తగిలితే చాలు, ఆ క్షణమే నల్లబడుతుంది. ఇక ఏం చేసినా ఆ నలుపు వదలదు. శరభయ్య బానని అంగుళం అంగుళం తూము దగ్గరికి జరిపాడు. దోసిళ్ళతో, డబ్బాతో తోడి తూము నింపాడు. తరవాత బస్తా ఎక్కి వెంటిలేటరు చువ్వలు పట్టుకున్నాడు.

రెండు కొట్టారు. ఓర్లిక్ వచ్చాడు. తెల్లటి పొడుగాటి మనిషి, నారింజ రంగు కోటు. గుడ్డలు ఒక్కొక్కటే తొట్టిలో పడుతున్నాయి. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. వీరాయమ్మ వంగింది.

శరభయ్య కిందికి దూకి బానని కాలితో తన్ని పడగొట్టాడు. నల్లనీళ్ళు గుడగుడమంటూ తూములోకి దూకాయి.

బయట ముందు ఓర్లిక్ కేక వినిపించింది. మళ్ళీ బస్తా ఎక్కేసరికి తొట్టి కాటుక డబ్బాలా ఉంది. దొర చేతులు ముంచి గుడ్డలు పైకి లాగుతున్నాడు. ఏది లాగినా నలుపే. ఒక్క నిమిషం రాయిలా నిలబడి, తన గదిలోకి పరిగెత్తాడు. తిరిగొచ్చినప్పుడు పల్చటి కాయితం చుట్ట కోటు లోపల దోపుకుంటున్నాడు.

అసలు మ్యాప్! గుడ్డలు పోయాయి కాబట్టి ఇక దాన్నే మోసుకుపోవాలి. సాక్ష్యం దానంతటదే బయటికి వచ్చింది. కాని తాను లోపలే ఉన్నాడు. నాలుగింటిదాకా ఆగకుండానే ఓర్లిక్ లాంచీ వైపు పరిగెడుతున్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. నాగమణి. నల్లకళ్ళద్దాలు లేవు, నవ్వు లేదు.

"ఇంక చప్పుడైనా ఫరవాలేదు," అంటూ పిస్తోలెత్తింది.

ఒక్క అడుగు ముందుకేసింది. నేలంతా జారుతోందని చూసుకోలేదు. కాలు జారింది, గుండు రేకుకి తగిలింది. శరభయ్య కరక్కాయ పొడి బస్తా ఆమె మీదికి తోసి గుమ్మం వైపు దూకాడు. బయటపడగానే వెనక గడియ పడింది. వేసింది వీరాయమ్మ.

"మీరెళ్ళండి బాబూ. ఈవిడగారి సంగతి నేను సూస్తాను," అంది తలుపుకి వీపు ఆనించి.

లాంచీ తాడు విప్పేశారు. ఒడ్డుకీ లాంచీకీ మధ్య రెండు బారల నీళ్ళు. శరభయ్య గట్టు మీద నిలబడి, పొద్దున్నే పోయిన గొంతుతో అరిచాడు.

"గుమ్మడికాయలు దించండి!"

ఇంజను శబ్దంలో కొట్టుకుపోయింది. రెండోసారి గొంతు బొత్తిగా రాలేదు. అప్పుడు వెనక నుంచి ఇరవైమంది ఆడవాళ్ళు అందుకున్నారు. ఎందుకో తెలీదు, వీరాయమ్మ అరుస్తోంది కాబట్టి వాళ్ళూ అరిచారు. "గుమ్మడికాయలు దించండీ!" అవతలి గట్టు దాకా మోగింది.

ఇంజను ఆగింది. ఓర్లిక్ కోటులోంచి చుట్ట లాగి నీళ్ళ మీదికి చెయ్యి చాచాడు. వేళ్ళు విడిచే లోపల ఏసుదాసు ఆ మణికట్టు పట్టుకున్నాడు. కాయితం కొస గోదావరి నీటికి జానెడు ఎత్తులో ఆగింది.

సాయంత్రం చీఫ్ జీపులో వచ్చాడు. సంకెళ్ళతో వెళ్తూ నాగమణి శరభయ్య వైపు చూడలేదు. కరక్కాయ పొడి కళ్ళలో పడి ఎవరివైపూ చూసే స్థితిలో లేదు.

వీరాయమ్మ కొత్త బాన కడిగి బోర్లించింది. రేపట్నించి నీలి మళ్ళీ మొదలుపెడతానంది.

"రాంబాబుకి తల్లుందాండీ?" అని అడిగింది.

"ఉందండి. బొబ్బిలిలో."

"రంగు దిగేక మొదటి చీర ఆవిడకి అంపుతాను. ఎడ్రెస్సు రాసివ్వండి."

శరభయ్య రాసిచ్చాడు. ఆ రెండు ముక్కలు రాయడానికి చాలాసేపు పట్టింది.

జీపు దగ్గర కృష్ణమూర్తి మెచ్చుకోలుగా చెయ్యి చాచి, శరభయ్య చేతులు చూసి వెనక్కి తీసుకున్నాడు. మోచేతుల దాకా నిగనిగలాడే నలుపు.

"అదేంటయ్యా? కడుక్కో."

"నల్లనీళ్ళ తడి మీద కరక్కాయ పొడి పడింది. మూడుసార్లు సబ్బుతో కడిగాను సార్. వీరాయమ్మ గారిని అడిగితే, చర్మం మారేదాకా పోదన్నారు. నెల పట్టొచ్చట."

"ఈ చేతులతో నువ్వు ఏ మారువేషం వేసినా చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. నెల రోజులు ఇంట్లో కూర్చో."

పదకొండేళ్ళ సర్వీసులో శరభయ్య పెట్టిన సెలవు చీటీలు పద్నాలుగు. శాంక్షనైన మొదటి సెలవు మాత్రం అతను అడగనిదే.