అందరి ముందూ ఆరిపోయే చుక్క

"ఎవరో నా పని చెడగొడుతున్నారండీ."

డిటెక్టివ్ కుర్చీ చూపించినా ఆ అమ్మాయి కూర్చోలేదు.

వాళ్లది కళ్లద్దాల దుకాణం. వెనక గదిలో ఆమె ఒక పరికరం తయారుచేసింది. లేజర్ కాంతి వెంట్రుకంత గాజుతీగ గుండా సాగి, చివర ఒక స్ఫటికం దాటి, తెరమీద చుక్కగా పడుతుంది. ఒంటరిగా ఉంటే చుక్క వెలుగుతుంది. ఇంట్లోవాళ్లకు చూపిస్తే ఆరిపోతుంది. రేపు కొనేవాళ్లు వస్తారు. రేపూ ఇంతే అయితే ఆ గదిని గోదాము చేస్తానని తండ్రి తేల్చేశాడు.

"మా బావే. నా పనంటే మొదటినుంచీ ఏడుపు!"

సాయంత్రం డిటెక్టివ్, అతని అసిస్టెంట్ ఆ గదికి వెళ్లారు. చుక్క వెలుగుతోంది. బావ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య, అమ్మాయి అక్క, తలుపు దగ్గర ఉంది. చివరగా తండ్రి వచ్చి, రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు. చుక్క మసకబారి, ఆరిపోయింది.

"నాకేసి చూస్తారేం? నేను ముట్టుకున్నానా?" అన్నాడు బావ.

"ముట్టుకోవాలా? మీ చూపు చాలదూ!" అంది అక్క.

అసిస్టెంట్ మనసులో అప్పటికే బావకు శిక్ష పడిపోయింది. డిటెక్టివ్ మాత్రం వంగి బల్ల కిందకు చూశాడు.

"తీగ ఇక్కడ అంటించావేం అమ్మా?"

"పైన జాగా లేదండీ. అంచు కింద టేపు వేశాను."

"పెద్దాయనా, ఒక్కసారి చేతులు తీయండి."

ఆయన తీశాడు. చుక్క వెలిగింది.

"ఈ కాంతి అల ఒకే దిక్కుగా ఊగుతుంది," అన్నాడు డిటెక్టివ్. "ఆ దిక్కుగా ఊగేదాన్నే స్ఫటికం పోనిస్తుంది. తీగను నొక్కితే ఊగే తీరు మారుతుంది. వెలుగు చివరిదాకా వస్తుంది, స్ఫటికం గుమ్మంలోనే ఆపేస్తుంది. నొక్కింది మీ వేళ్లే."

తండ్రి ముఖం పాలిపోయింది. "నా బిడ్డ పని నేనే చెడగొట్టానా?"

"వేళ్లు చూసుకోండి, ఎలా తెల్లబడ్డాయో. చెడాలని కోరుకునేవాడు చేతులు కట్టుకుని చూస్తాడు. ఎక్కడ ఓడిపోతుందోనని హడలిపోయేవాడే ఇంత గట్టిగా పట్టుకుంటాడు."

"చేతులు కట్టుకుంది నేనేగా!" అన్నాడు బావ. అమ్మాయి ఫక్కున నవ్వింది. "తప్పయింది బావా," అంది.

తండ్రి తన చేతులకేసే చూస్తున్నాడు. "మరి రేపు వీటినెక్కడ పెట్టుకోనే?"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఈ లేజర్ స్విచ్ మీద నాన్నా. రేపు దీపం వేసేది నువ్వే."