పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు

కంగ్టి సంగమేశ్వర్‌కు ఇంగ్లీషు వచ్చని నారాయణఖేడ్ అంతటికీ తెలుసు. ఆ సంగతి ఊరంతా చెప్పింది సంగమేశ్వరే. పట్నంలో రెండేళ్లు చదివి డజను ఇంగ్లీషు సామెతలు పట్టుకొచ్చాడు. మిగతాదంతా ధైర్యమే.

అంగట్లో శివమ్మను చూసి మనసు పారేసుకున్నాడు. ఆ ధైర్యంతోనే పెద్దమనుషులను వెంటబెట్టుకుని పిల్లనడగ వచ్చాడు.

శివమ్మ తండ్రి శంకరప్ప మెలిక పెట్టాడు.

"ఇంగ్లీషు వచ్చిన అల్లుడైతే తాలూకా కచేరిల నాకు ఇజ్జత్. గీడ కూసున్న మా హమీద్ భాయ్ ఇరవై ఏండ్లు లష్కర్‌ల ఇంగ్లీషు దొరలకు వంట జేసిండు. ఆయనతోని మాట్లాడు. ఆయన ఊ అంటే ఇయ్యాల్నే పూలుపండ్లు ఇచ్చి ఖాయం జేస్త!"

బయట వాన దంచుతోంది. సంగమేశ్వర్ దాన్నే పట్టుకున్నాడు.

"హమీద్ సాబ్, రెయినింగ్ క్యాట్స్ అండ్ బఫెలోస్!"

హమీద్ గడ్డం దువ్వాడు. "యస్. ఆల్ బఫెలో వెరీ ఫ్రెష్."

"టూ మెనీ కుక్స్ కిల్ టూ బర్డ్స్!"

"ఓన్లీ టూ? మై కిచెన్, డైలీ ట్వెంటీ బర్డ్స్!"

శంకరప్ప మురిసిపోయాడు. "ఏమంటుండు భాయ్?"

"పెద్ద పెద్ద మాటలే అంటుండు" అన్నాడు హమీద్, నుదురు తుడుచుకుంటూ.

గడప దగ్గరున్న శివమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. కళ్లు మాత్రం బాగా పనిచేస్తాయి. పక్కున నవ్వింది.

"నాయినా, ఇద్దరికీ రాదు. వచ్చినోల్లకు ఇంత సల్లటి వానల చెమటలెందుకు పడ్తయ్?"

అందరి చూపులూ సంగమేశ్వర్ మీదే. బుకాయించవచ్చు. కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం అతని వల్ల కాలేదు.

"నిజమే మామా. నాకు ఇంగ్లీషు రాదు. బట్టీ పట్టిన సామెతలు గూడ ఒకదాని తల ఇంకోదానికి పెట్టిన. శివమ్మ మీద మనసైంది, గది మాత్రం జూటా కాదు. వద్దంటే లేసి పోత."

"నాకు గూడ రాదు శంకరప్పా" అన్నాడు హమీద్ తలవంచుకుని. "నువ్వు ఊరంతా చెప్పుకుంటివి. కాదననీకె సిగ్గైంది."

శంకరప్ప మొహం మాడిపోయింది. "ఇగ నా ఇజ్జత్?"

"కచేరి కోసం నన్నిస్తవా నాయినా?" శివమ్మ ముందుకొచ్చింది. "సంసారం జేసేది నేను. నలుగుట్ల తప్పొప్పుకున్నోడు రేపు నా తాన ఏం దాస్తడు? నాకు గీయననే కావాలె."

శంకరప్ప కూతురి తల నిమిరాడు. తరువాత లోపలికి కేకేశాడు.

"ఏమే, పండ్లు తీస్కరా! పిల్లే ఒప్పుకున్నంక నేనెవన్ని?"

సంగమేశ్వర్ లేచి మామ కాళ్లకు మొక్కాడు.